వెలగని ఎర్ర లైటు

కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే ఆవిడకు ముక్కు మీదే కోపమని బంధువులంతా అంటారు. అనేవాళ్లలో ఒక్కరికీ ఆ కోపం ఎందుకొచ్చిందో అడిగే తీరిక ఉండదు. అడిగితే చెప్పేదే. మనసులో దాచుకునే మనిషి కాదు.

ఆవిడ పని దుకాణం వెనకగదిలో, కిటికీ పక్కన. ఫ్రేములో కూర్చునేలా అద్దం అంచు అరగదీయడం, మెత్తని గుడ్డతో తుడవడం, వెలుతురుకు ఎత్తి చూడడం. సన్నని గీత కనిపించినా ఆ అద్దం పక్కన పడేస్తుంది. "అంత చిన్న గీత ఎవరికి కనిపిస్తుందమ్మా?" అని యజమాని గొణుగుతాడు. "పెట్టుకునేవాళ్లకి" అంటుంది ఆవిడ. అక్కడితో ఆ మాట ఆగిపోతుంది.

ఇంట్లో ఉండేది ముగ్గురు. భర్త బ్రెడ్డు ఫ్యాక్టరీలో పొయ్యి దగ్గర పనిచేస్తాడు. రాత్రంతా డ్యూటీ, తెల్లారాక ఒళ్లంతా పిండి వాసనతో వచ్చి, కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే కునుకుతాడు. మెత్తని మనిషి. ఎవరితోనూ మాటకు మాట అనడు, అన్నగారితో అసలే అనడు. మూడో మనిషి అత్తగారు. ఆమెకు కిడ్నీలు దెబ్బతిన్నాయి. వారానికి మూడుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. అయ్యాక ఆమె కాళ్లు నిలవవు. బస్సులో నిలబడలేదు. అద్దె బండి పిలిస్తే, ముసలావిడ మెట్లు దిగి వచ్చేలోపు డ్రైవరు విసుక్కుని వెళ్లిపోయిన రోజులున్నాయి. ఒకసారి ఎండలో, ఆసుపత్రి గేటు దగ్గర, అత్తగారి తల తన భుజం మీద వాలిపోయి ఉండగా మూడో బండివాడు కూడా రానన్నప్పుడు ఆవిడ నిర్ణయించుకుంది: పాతదో పాడుదో, ఒక కారు కొనాలి. నడపడం పెళ్లికి ముందే నేర్చుకుంది.

ఆ మాట చెవిన పడగానే బావగారు, అంటే భర్తకు అన్న, తన కారే తక్కువ ధరకు ఇస్తానన్నాడు. ఆయనకు టైల్స్ దుకాణం ఉంది. ఆ కారు ఏళ్ల తరబడి డిక్కీ నిండా టైల్స్ నమూనాలు మోసింది. మీటరు రెండు లక్షల కిలోమీటర్లు ఎప్పుడో దాటేసింది. ఆయన కొత్తది కొనుక్కుని దీన్ని వదిలించుకోవాలని చూస్తున్నాడు.

"బయటివాళ్లకి ఇస్తే నాకు ఇంకా బాగా గిట్టేది. అమ్మ కోసం ఇస్తున్నా" అన్నాడు. ఆ ముక్క తమ్ముడికి చెప్పాడు, తల్లికి చెప్పాడు, ఫోన్లో మేనత్తకు చెప్పాడు, కింది వాటా వాళ్లకు కూడా చెప్పాడు.

కారు తెచ్చిన రోజు శుభ్రంగా కడిగించి, లోపల సెంటు కొట్టించి తెచ్చాడు. ఆవిడ ఎక్కి కూర్చుని, తాళం తిప్పి, డ్యాష్‌బోర్డు కేసి చూసింది. కళ్లు అలవాటుగా లోపం వెతికాయి. హ్యాండ్ బ్రేకు లాగింది, దించింది, మళ్లీ లాగింది.

"బావగారూ, ఇది లాగితే ఎర్ర లైటు వెలగాలి కదా? వెలగడం లేదేం?"

"పాత కారమ్మా. బల్బు పోయుంటుంది. ఇంజను మాత్రం రాయి" అని బానెట్టు మీద అరచేత్తో చరిచాడు. ఆ చరుపుకు ఎక్కడో ఏదో వదులుగా గలగలమంది.

అత్తగారు మురిసిపోయింది. "పెద్దాడు అమ్మ కోసం ఇచ్చాడు చూడు" అని రెండు రోజుల పాటు అదే మాట.

కారుకున్న రోగాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఎడమ వైపు వెనక తలుపు బయటి నుంచి తప్ప తెరుచుకోదు. ఒక కిటికీ అద్దం సగం దించితే మిగతా సగం దానంతట అదే లోపలికి జారిపోతుంది. వైపరు వానలో పనిచేయదు, వాన ఆగాక ఆగదు. కాస్త వేగం పెరిగితే స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. హెడ్‌లైట్లు మసకబారి, ముసలి కళ్లలా పసుపుపచ్చగా ఉన్నాయి.

ఆవిడ బెదిరిపోలేదు. ఒక ఆదివారం పాత చీర ముక్క, బకెట్టు పట్టుకుని దిగింది. హెడ్‌లైట్లను దుకాణంలో అద్దాలకు వాడే పాలిషుతోనే రుద్దింది. మోచేతులు పీకేదాకా రుద్దితే, మధ్యాహ్నానికి లోపలి బల్బు తళతళా కనిపించింది. సీట్ల కింద నుంచి టైల్స్ పెంకులు, ఎండిపోయిన చూయింగ్ గమ్ము, ఎవరిదో చెప్పు ఒకటి బయటపడ్డాయి. అత్తగారి సీటుకు మెత్త కుట్టింది. భర్త నిద్రకళ్లతో వచ్చి తలుపు గొళ్లానికి నూనె వేసి, "ఫర్లేదే, బానే ఉంది" అని మళ్లీ వెళ్లి పడుకున్నాడు.

చేతకాని పనులకు వీధి చివరి షెడ్డుకు తీసుకెళ్లింది. ఆ మెకానిక్కును అందరూ రేపు మేస్త్రి అంటారు. ఏ పని చెప్పినా ఆయన నోట వచ్చే మొదటి మాట అదే. మొదటిరోజు ఆవిడను చూసి, "ఇంట్లో మగవాళ్లెవరూ లేరా అమ్మా? వాళ్లతోనైతే వివరంగా మాట్లాడొచ్చు" అన్నాడు.

ఆవిడకు ఒళ్లు మండింది. "మగవాళ్లు నిద్రపోతున్నారు. నడిపేది నేను. వివరంగా నాకే చెప్పు."

మేస్త్రి నాలిక కరుచుకుని, ఆ రోజు నుంచి మర్యాదగానే ఉన్నాడు. స్టీరింగు వణుకు తగ్గించాడు, వైపరు మోటారు మార్చాడు, తలుపు గొళ్లెం సరిచేశాడు. ఎర్ర లైటు సంగతి ఆవిడ రెండుసార్లు గుర్తుచేసింది. "బల్బే కదమ్మా, డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి. రేపు చూద్దాం" అన్నాడు. ఆ రేపు రాలేదు.

ఆసుపత్రికి వెళ్లే దారిలో రైలు పట్టాల మీదుగా ఒక వంతెన ఉంది. ఒక ఉదయం అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆవిడ ఆ వంతెన ఎక్కింది. ఎక్కడం బాగానే ఎక్కింది. దిగేటప్పుడు, కింద సిగ్నల్ దగ్గర బండ్లు ఆగి ఉండడం చూసి బ్రేకు మీద కాలు పెట్టింది. కాలు కిందికి పోయింది. ఇంకా పోయింది. నేలకు తగిలింది. కారు మాత్రం తన దారిన తాను జారుతూనే ఉంది.

కింద వరసలో అందరికంటే వెనక ఒక సైకిలు. దాని వెనకసీటు మీద స్కూలు సంచి తగిలించుకున్న చిన్నపాప, ఇటే చూస్తోంది.

ఆవిడ అరవలేదు. గేరు దించింది, ఇంజను మూలిగింది. ఇంకో గేరు దించింది. హ్యాండ్ బ్రేకు రెండు చేతుల బలమంతా ఒక చేతిలోకి తెచ్చుకుని లాగింది. అది సగమే పట్టింది. అప్పుడిక స్టీరింగు పక్కకు కోసి, కారును వంతెన గోడకు రాపాడించింది. రేకు చిరిగే చప్పుడుతో గోడ వెంట గీసుకుంటూ వెళ్లి, సైకిలుకు చెయ్యి చాస్తే అందేంత దూరంలో కారు ఆగింది. పాప ఇంకా ఇటే చూస్తోంది.

కునుకు తీస్తున్న అత్తగారు కళ్లు తెరిచింది. "ఆసుపత్రి వచ్చేసిందా అమ్మాయ్?"

ఆవిడ తాళం తిప్పి ఇంజను ఆపింది. ఎవరో బండి ఆపి వాళ్లిద్దరినీ ఆసుపత్రిలో దించారు. కారును తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చారు.

సాయంత్రం ఆవిడ వెళ్లేసరికి రేపు మేస్త్రి వెనక చక్రం విప్పి, దాని ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"చూడండమ్మా. చక్రంలో ఉండే బ్రేకు సిలిండరు ఎప్పటి నుంచో కారుతోంది. బ్రేకు ఆయిలంతా పోయింది. కారింది కారినట్టు ఇక్కడే చేరి బ్రేకు పట్టీలన్నీ తడిసిపోయాయి. హ్యాండ్ బ్రేకు ఆ మాత్రం పట్టడమే గొప్ప. ఆయిల్ తగ్గితే ఎర్ర లైటు వెలగాలి కదా, మీరు చూసుకోలేదా?"

"ఏ లైటు మేస్త్రీ?" అంది ఆవిడ. "నేను రెండుసార్లు చెబితే నువ్వు రేపన్న లైటా?"

మేస్త్రి స్క్రూడ్రైవరు తీసుకుని డ్యాష్‌బోర్డు విప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ పక్కనే నిలబడింది. మీటర్ల పెట్టె బయటికి తీసి వెనక్కి తిప్పేసరికి ఇద్దరికీ ఒకేసారి కనిపించింది. ఎర్ర బల్బు ఉండే గుంత మీద, సరిగ్గా దాని మేరకు, కత్తెరతో గుండ్రంగా కత్తిరించిన నల్లటేపు అంటించి ఉంది. మేస్త్రి గోటితో దాన్ని ఊడదీసి, వైరు తగిలించి చూశాడు. బల్బు ఎర్రగా, నిక్షేపంగా వెలిగింది.

"ఇది ఊరికే పోయింది కాదమ్మా. ఎవరో కావాలనే చేశారు. బ్రేకు బాగుచేయించే బదులు లైటు కనబడకుండా చేశారు" అన్నాడు మెల్లగా.

ఎవరో ఏమిటి! ఆ కారుకు మొదటి నుంచీ ఒక్కడే యజమాని.

ఆవిడ అక్కడి నుంచి ఇంటికి వెళ్లలేదు. నేరుగా బావగారి దుకాణానికి వెళ్లింది. అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళితే ముందు వరసగా నమూనా స్నానాల గదులు. మెరిసే కుళాయిలు, ఏ కుళాయికీ నీళ్లు రావు. ఒక జంట నేల మీద పరిచిన టైల్స్ చూస్తున్నారు. బావగారు వాళ్లకు చలవరాయికీ వీటికీ తేడా చెబుతూ, ఈవిడను చూసి నవ్వబోయాడు.

"బావగారూ, ఆ ఎర్ర లైటుకు టేపు ఎవరు అంటించారు?"

నవ్వు సగంలో ఆగింది. "ఏ టేపు? కస్టమర్లున్నారమ్మా, తర్వాత మాట్లాడుకుందాం."

"ఈ ఉదయం వంతెన మీద బ్రేకు పడలేదు. మీ అమ్మగారు పక్క సీట్లో ఉన్నారు. కింద ఒక పసిపిల్ల ఉంది. తర్వాత మాట్లాడుకోవడానికి ఎవరూ మిగిలేవాళ్లు కాదు."

ఆ జంట టైల్స్ చూడడం మానేశారు. బావగారు గొంతు తగ్గించాడు. "అది ఊరికే వెలుగుతూ ఉండేదమ్మా. సెన్సరు పాడైంది. నువ్వు చూస్తే అనవసరంగా భయపడతావని..."

"భయపడాల్సిన చోట భయపడనివ్వాలి కదండీ! నేను అడిగాను. సీట్లో కూర్చుని మొదటి మాట అదే అడిగాను. బల్బు పోయిందన్నారు. కన్నతల్లి ఎక్కే కారని తెలిసి కూడా అన్నారు. అమ్మ కోసం ఇస్తున్నానని ఊరంతా చాటారే, ఇదా అమ్మ కోసం ఇచ్చింది?"

"అరవకు. దుకాణం ఇది."

"అరుస్తాను. కారు బాగయ్యేదాకా ఆవిడను ఆసుపత్రికి మీరు తీసుకెళ్లాలి. మీ కొత్త కారులో. ఒప్పుకుంటేనే ఇక్కడి నుంచి కదులుతాను" అని నమూనా బాత్‌టబ్బు అంచు మీద కూర్చుంది.

ఆయన ఒప్పుకున్నాడు. కస్టమర్ల ముందు ఒప్పుకోక చస్తాడా?

ఆవిడ ఇల్లు చేరేలోపే ఆ కబురు బంధువులందరికీ చేరిపోయింది. మేనత్త ఫోన్ చేసి, "నలుగురిలో పెద్దాడి పరువు తీశావటగా" అంది. తోడికోడలు ఫోన్ చేసి, ఇంటి గొడవ ఇంట్లో చూసుకోవాలంది. ఇంకెవరో దూరపు మామగారు ఆడవాళ్లు గొంతు పెంచడం గురించి హితబోధ చేశాడు. సెన్సరు గురించి ఎవరూ అడగలేదు. టేపు గురించి అడగలేదు. వంతెన దిగువన ఆ పాప ఏమైందని ఒక్కరూ అడగలేదు. కారుకు బ్రేకు లేకపోవడం ఎవరికీ తప్పుగా తోచలేదు. ఆవిడ గొంతుకు బ్రేకు లేదన్నదే అందరి బాధ.

భర్త డ్యూటీకి బయలుదేరుతూ గుమ్మంలో ఆగాడు. "అన్నయ్య కదా. వదిలెయ్యకూడదూ?"

"మీ అమ్మ కాదా?" అంది ఆవిడ. ఆయన చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

అన్నింటికంటే కడుపు రగిలించింది అత్తగారి మాట. మంచం మీద అటు తిరిగి పడుకుని, "వాడికి తెలిసుండదే. షెడ్డువాళ్లెవరో అంటించి ఉంటారు. పెద్దాడు అలా చేస్తాడా?" అంది. ఎవరి ప్రాణం మీదికి వచ్చిందో ఆ మనిషే వెనకేసుకొస్తుంటే ఇక ఎవరితో దెబ్బలాడాలి? ఆవిడ వంటగదిలోకి వెళ్లి గిన్నెలన్నీ తోమింది. తోమినవే మళ్లీ తోమింది.

బావగారు మొదటిసారి వచ్చాడు, మొహం మాడ్చుకునే అయినా వచ్చాడు. రెండోసారి ఆలస్యంగా వచ్చాడు. ఆ తర్వాతి వంతుకు ఉదయం దించి వెళ్లినవాడు తిరిగి తీసుకెళ్లడానికి రాలేదు. మధ్యాహ్నం దాటాక కళ్లజోళ్ల దుకాణానికి ఫోన్ వచ్చింది. ఆసుపత్రి నర్సు. "మీ అత్తగారు ఇంకా బెంచీ మీదే కూర్చుని ఉన్నారు. ఎవరైనా వస్తారా?"

ఆవిడ చేతిలో ఉన్న అద్దం అక్కడే పెట్టేసి పరుగెత్తింది. నడవాలో, తలుపు తెరిచినప్పుడల్లా వేడిగాలి కొట్టే చోట, అత్తగారు గోడకు ఆనుకుని ఉంది. చేతికి దూది కట్టు, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఒళ్లో ఫోను. బావగారికి అత్తగారి కళ్లెదుటే ఫోన్ చేస్తే, "మీటింగులో ఉన్నా, మీరే ఏదైనా బండి మాట్లాడుకోండి" అన్నాడు.

స్పీకరులో ఉన్న ఆ మాట అత్తగారు విన్నది. కోడలి చెయ్యి పట్టుకుని లేచి, రెండడుగులు వేసి ఆగింది.

"నీ కారు ఎప్పుడొస్తుంది?" అని అడిగింది. అప్పటిదాకా దాన్ని ఆమె పెద్దాడి కారనే అనేది.

మరునాడు ఆవిడ సెలవు పెట్టి షెడ్డుకు వెళ్లింది. మేస్త్రి నోరు తెరవబోతుంటే వేలు చూపించింది. "ఆ మాట అన్నావంటే ఇక్కడి నుంచి లేవను." పాత టైర్ల దొంతర మీద కూర్చుంది. మేస్త్రి ఆవిడ వంక చూశాడు, టైర్ల వంక చూశాడు, మిగతా బండ్లన్నీ పక్కకు నెట్టి ఆ కారు కిందికి దూరాడు. సిలిండర్లు రెండువైపులా మార్చాడు. పట్టీలు, తుప్పుపట్టిన గొట్టాలు, రబ్బర్లు అన్నీ కొత్తవి వేశాడు. గోడకు రాసుకున్న రేకును లోపలి నుంచి కొట్టి సర్దాడు. మీటర్ల పెట్టె బిగించే ముందు, అడగకుండానే, హ్యాండ్ బ్రేకు లాగి ఎర్ర లైటు చూపించాడు.

"అయిపోయిందమ్మా. ఇక ఢోకా లేదు."

"అయితే ఎక్కు."

"ఎక్కడికి?"

"వంతెనకి. ఇటు కూర్చో. మా అత్తయ్య కూర్చునే సీటు."

మేస్త్రి చేతులు తుడుచుకున్నాడు. ఒకసారి తుడిచినవి ఇంకోసారి తుడుచుకున్నాడు. "ఇక్కడే షెడ్డు ముందు చూపిస్తా కదమ్మా..."

"ఢోకా లేదన్నావుగా?"

ఎక్కాడు. బెల్టు పెట్టుకున్నాడు. వంతెన ఎక్కుతున్నంతసేపూ తన పనితనం గురించి గడగడా మాట్లాడినవాడు, దిగడం మొదలయ్యాక నోరు మెదపలేదు. కింద సిగ్నల్ ఎర్రగా ఉంది. ఆవిడ వేగం తగ్గించకుండా కొంత దూరం పోనిచ్చింది. మేస్త్రి కుడికాలు లేని బ్రేకును నేల మీద తొక్కుతూనే ఉంది. అప్పుడు ఆవిడ కాలు పెట్టింది. కారు నేలకు అతుక్కున్నట్టు ఆగింది.

"ఇప్పుడు చెప్పు మేస్త్రీ. బల్బే కదా అన్నావు."

"తప్పయిందమ్మా" అన్నాడు. సాకులు చెప్పలేదు. ఈ మొత్తం వ్యవహారంలో ఆ మాట అన్నది ఆయనొక్కడే.

కారు మళ్లీ రోజువారీ తిరుగుడులో పడింది. ఇంటి నుంచి ఆసుపత్రి, ఆసుపత్రి నుంచి దుకాణం, తిరిగి ఆసుపత్రి, ఇల్లు. ఎడమవైపు గోడ గీసిన గీతలు అలాగే ఉన్నాయి, కానీ తిరుగుడుకు తిరుగులేదు.

కొన్నాళ్లకు ఒక పొద్దున బావగారు వచ్చాడు, ఏమీ జరగనట్టే. ఆవిడ ఇచ్చిన కాఫీ అందుకుని, తమ్ముడి వైపు తిరిగి మాట్లాడాడు. ఆయన కొత్త కారు సర్వీసుకు ఇచ్చాడట. దుకాణానికి సరుకు నమూనాలు తిప్పాలట.

"వారం రోజులు కారు తీసుకెళతా. మన కారే కదా. అమ్మకి ఏదో బండి మాట్లాడతాలే."

ఆవిడ చేతిలో పళ్లెం ఉంది. దాన్ని బల్ల మీద పెట్టింది, విసరలేదు. నోటిదాకా వచ్చిన మాటలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటుంటే ఏది ముందు అనాలో తేలలేదు. ఆవిడ తేల్చుకునేలోపు భర్త కాఫీ గ్లాసు దించాడు. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇవ్వం అన్నయ్యా."

"ఏమిటీ?"

"కారు ఇవ్వం. బ్రేకు గురించి నువ్వు ఇంతవరకు ఒక్క మాట చెప్పలేదు. నాకు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు. అది చెప్పు ముందు."

బావగారు తమ్ముణ్ని కొత్తగా చూసినట్టు చూశాడు. "అయిపోయినదాన్ని ఎందుకురా తవ్వడం? ఎవరికైనా ఏమైనా అయిందా?" అని తల్లి వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పమ్మా వాడికి."

తల్లి మంచం మీద నుంచి కిటికీలోకి చూస్తూ, "నాకు రేపు ఆసుపత్రి ఉందిరా. నేను వేరే బండెక్కను" అంది.

బావగారు కాఫీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. క్షమాపణ చెప్పలేదు, ఆ తర్వాత కూడా ఎప్పుడూ చెప్పలేదు. రాకపోకలు తగ్గాయి. బంధువుల్లో అన్నదమ్ములను విడదీసిందన్న పేరు కూడా ఆవిడ ఖాతాలోనే పడింది. ఆవిడ దాన్ని కడుక్కోవడానికి ఎవరి గుమ్మమూ ఎక్కలేదు. భర్తకు మాత్రం ఆ పొద్దున రెండో కాఫీ దక్కింది, అడగకుండానే.

మరునాడు ఆసుపత్రి నుంచి వస్తూ ఉంటే, పక్క సీట్లో కళ్లు మూసుకుని ఉన్న అత్తగారు నిద్రపోయిందనే అనుకుంది. ఉన్నట్టుండి ఆమె మాట్లాడింది.

"వాడు చిన్నప్పుడూ అంతే. కప్పు బీటలిస్తే చెప్పేవాడు కాదు. బీట గోడవైపుకి తిప్పి అలమరలో పెట్టేవాడు. ఒకసారి మీ మామగారు వేడివేడి టీ పోసుకుంటే చేతిలోనే విచ్చిపోయింది. వారం రోజులు చెయ్యి బొబ్బలు."

"కొట్టలేదా?"

"కప్పు పాతదన్నాను మీ మామగారితో."

ఆవిడకు మళ్లీ కోపం వచ్చింది. ఈసారి ఎవరి మీదో సరిగ్గా తెలియలేదు. అబద్ధమాడిన పిల్లవాడి మీదా, కప్పిపుచ్చిన ఈ తల్లి మీదా, చెయ్యి కాలినా అడగని ఆ మామగారి మీదా?

"ఇన్నాళ్లూ చెప్పలేదేం అత్తయ్యా? నేను అందరి చేతా మాటలు పడుతుంటే అటు తిరిగి పడుకున్నారు కదా."

అత్తగారు దూది కట్టిన చేతిని రెండో చేత్తో నెమ్మదిగా ఒత్తుకుంది.

"పడుకున్నానే" అంది చివరికి. "నిద్ర మాత్రం పట్టలేదు."

వెనక ఎవడో హారను కొట్టాడు. ఆవిడ గేరు మార్చి కారును ముందుకు పోనిచ్చింది.